పగలు సూర్యుడు, రాత్రి ఎవరు?

సాయంకాలము వార్తలు వినుటకై రేడియో మీట త్రిప్పునపుడు, ఆ పెట్టెలోనికి వచ్చు విద్యుత్తు ఎక్కడ పుట్టినదని మనలో ఎందరు ఆలోచింతురు? వెలుగుచున్న దీపమును ఎవరును ప్రశ్నింపరు. ఆరిపోయినపుడే అందరును ప్రశ్నింతురు. కాని గోదావరి ఎడమగట్టున, అడవి అంచున ఉన్న చర్లవంటి గ్రామములో నివసించువారు ఈ ప్రశ్నను దీపము వెలుగుచున్నప్పుడే అడుగుటకు తగిన కారణములు కలవు.

ఏటికి ఆవలివైపున మణుగూరు బొగ్గుగనులున్నవి. అక్కడనే బొగ్గుతో నడచు భద్రాద్రి విద్యుత్కేంద్రమున్నది. దిగువన అశ్వాపురములో, అణువిద్యుత్తునకు కావలసిన భారజలమును తయారుచేయు కర్మాగారమున్నది. బొగ్గు త్రవ్వు సింగరేణి సంస్థయే మణుగూరులో సూర్యరశ్మినుండి విద్యుత్తు తీయు పలకలను సైతము పరచినది. తూర్పుగా శబరి దాటి కొండలలోనికి పోయినచో సీలేరు జలవిద్యుత్కేంద్రములున్నవి. భూతాపమును అరికట్టుటకు అణువిద్యుత్తు మేలా, సూర్యుడును గాలియు నీరును ఇచ్చు విద్యుత్తు మేలా యని దేశదేశముల పండితులు వాదించుకొనుచున్నారు. ఆ వాదమునకు సాక్షులైనవన్నియు ఇక్కడ ఒక దినపు ప్రయాణములోనే కనబడును. కావున ఈ విషయమును మన గట్టుననే నిలిచి పరిశీలింతము.

ముందుగా, ఈ వాదముతో మనకేమి పని? భద్రాచలము వద్ద గోదావరి మట్టము 43 అడుగులకు చేరిన మొదటి ప్రమాద హెచ్చరిక, 48 అడుగులకు రెండవది, 53 అడుగులకు మూడవది. ఈ అంకెలు ఇక్కడి పిల్లలకును కంఠస్థములు. 1986 ఆగస్టులో నీరు 75.6 అడుగులకు ఎక్కినది. 2022 జూలైలో మరల 71.3 అడుగులకు చేరి, గట్టు గ్రామములవారిని ఇండ్లు విడిపించినది. ఒక్కొక్క వరదకు భూతాపమే కారణమని చెప్పుట సరికాదు. 1986 నాటి వరద ఇంతకంటె పెద్దదే గదా. అయితే శాస్త్రము చెప్పునది ఒకటి కలదు. గాలి ఒక డిగ్రీ సెంటిగ్రేడు వేడెక్కిన, సుమారు 7 శాతము ఎక్కువ తేమను మోయగలదు. అట్లు మోసిన తేమ ఒకనాడు వానగా కురియక తప్పదు. యంత్రయుగమునకు ముందు గాలిలో పదిలక్షల పాళ్లకు 280 పాళ్లుగా ఉన్న బొగ్గుపులుసు వాయువు నేడు 420 పాళ్లను దాటినది. భూమిని దుప్పటివలె కప్పి వేడిని నిలుపుచున్నది ఈ వాయువే. మన దీపము దాని నెంత పెంచుచున్నదో తెలిసికొనుట, ఏటిగట్టున ఇల్లు కట్టుకొన్నవారికి ఊరక తెలిసికొను విద్య కాదు.

మన దీపమునకు నేటికిని పెద్దదిక్కు బొగ్గే. పూర్వము భద్రాచల రాముని దర్శింపబోవు యాత్రికులు వంటకై రాళ్లు పేర్చి పొయ్యి వెలిగింపగా ఆ రాళ్లే అంటుకొన్నవని ఈ ప్రాంతమున ఒక కథ చెప్పుదురు. 1871లో భూగర్భశాస్త్రజ్ఞుడు విలియం కింగ్ ఇల్లెందు ప్రాంతమున బొగ్గును కనుగొనెను. నాటినుండి ఆ నల్లరాయి లక్షలాది కుటుంబములకు అన్నము పెట్టినది. భద్రాద్రి కేంద్రములో ఒక్కొక్కటి 270 మెగావాట్ల యంత్రములు నాలుగు, వెరసి 1,080 మెగావాట్లు; అవి 2020కిని 2022కిని నడుమ పనిలోనికి వచ్చినవి. దేశమున పుట్టు విద్యుత్తులో నూటికి ఇంచుమించు డెబ్బది పాళ్లు బొగ్గునుండియే వచ్చుచున్నది. బొగ్గు మనకు చేసిన మేలును మరచుట కృతఘ్నత యగును. అది చేయుచున్న కీడును దాచుట ఆత్మవంచన యగును.

ఆ కీడు ఎంతటిదో కొలుచుటకు శాస్త్రజ్ఞులు ఒక పద్ధతి నేర్పరచినారు. గని త్రవ్వుట, కర్మాగారము కట్టుట, నడుపుట, తుదకు కూల్చుట — ఇవన్నియు కలిపి, ఒక యూనిట్ విద్యుత్తునకు ఎన్ని గ్రాముల బొగ్గుపులుసు వాయువు వెలువడునో లెక్కింతురు. వాతావరణ మార్పును పరిశీలించు అంతర్జాతీయ శాస్త్రజ్ఞుల సంఘము 2014లో ప్రకటించిన నడిమి లెక్కల ప్రకారము బొగ్గునకు 820 గ్రాములు, సహజవాయువునకు 490, పెద్ద సౌరక్షేత్రములకు 48, జలవిద్యుత్తునకు 24, అణువిద్యుత్తునకు 12, నేలమీది గాలిమరలకు 11. ఈ వరుసను గమనించినచో ఒక సంగతి స్పష్టమగును. అణువునకును సూర్యునకును నడుమ ఉన్న భేదము బొగ్గునకును ఆ రెంటికిని నడుమ ఉన్న అగాధము ముందు లెక్కింపదగినది కాదు. భూతాపము దృష్ట్యా ఈ రెండును ఒక పక్షమువే. మరి ఈ రెంటి నడుమ తగవు దేనికొఱకు?

ఆ తగవును గ్రహించుటకు అశ్వాపురము వరకు పోవలెను. అక్కడి కర్మాగారము 1991లో పని ప్రారంభించినది. సంవత్సరమునకు 185 టన్నుల భారజలమును తయారుచేయు సామర్థ్యము గలది. భారజలమనగా నేమి? నీటిలో ఉదజనియు ప్రాణవాయువును కలిసియుండునని అందరెఱిగినదే. ఆ ఉదజని పరమాణువులలో ఆరేడువేలకు ఒకటి మాత్రము తక్కినవానికంటె రెండింతలు బరువుగా ఉండును. అట్టి బరువైన ఉదజనితో కూడిన నీరే భారజలము. చూపునకు మామూలు నీరే. లీటరు మాత్రము సుమారు 1.1 కిలో తూగును. గోదావరి నీటిలోను, మన కడవలోని నీటిలోను ఇది ఎల్లప్పుడు లేశముగా ఉన్నదే.

దీనిని వేరుచేయుట పాలనుండి వెన్న తీసినంత సులభము కాదు. ఎత్తైన లోహ స్తంభములలో పైనుండి నీరు దిగుచుండగా, క్రిందినుండి హైడ్రోజన్ సల్ఫైడ్ వాయువును పంపుదురు. చల్లని స్తంభములో, అనగా సుమారు 30 డిగ్రీల వద్ద, బరువైన ఉదజని వాయువును విడిచి నీటిలోనికి చేరును. వేడి స్తంభములో, సుమారు 130 డిగ్రీల వద్ద, నీటిని విడిచి వాయువులోనికి చేరును. ఈ రాకపోకలను మరల మరల జరిపించి, ఒక అంచెనుండి మరియొక అంచెకు చిక్కబరచి, చివరకు నీటిని ఆవిరిగా మార్చి వడకట్టి, నూటికి 99.8 పాళ్ల శుద్ధిగల భారజలమును రాబట్టుదురు. ఇందులో యురేనియము లేదు, అణువిచ్ఛేదనము లేదు. అక్కడ అణుబట్టీ ఉన్నదని కొందరు భయపడుట పొరపాటు. జాగ్రత్త పడవలసినది ఆ వాయువును గూర్చియే. కుళ్లిన గ్రుడ్డు వాసన గల ఆ వాయువు పీల్చినవారికి ప్రాణాంతకము.

ఈ నీటితో పని యేమి? యురేనియము పరమాణువు చీలినపుడు వెలువడు న్యూట్రానులు మహావేగముతో పరుగెత్తును. ఆ వేగము తగ్గినగాని అవి మరియొక పరమాణువును సుళువుగా చీల్చజాలవు. భారజలము వాని వేగమును తగ్గించును, కాని వానిని మ్రింగివేయదు. అందువలన, గాఢపరచని సహజ యురేనియముతోనే మన దేశపు భారజల రియాక్టర్లు నడువగలుగుచున్నవి. ఆ ఇంధనమును కడ్డీలుగా కూర్చునది హైదరాబాదులో 1971లో ఏర్పడిన అణు ఇంధన సముదాయము. అనగా తెలుగునేలపై ఒక్క అణువిద్యుత్కేంద్రమైనను లేకున్నను, కర్ణాటకములోని కైగాలోను, గుజరాతులోని కాక్రపారలోను వెలుగు దీపములలో మన నీరును మన చేతిపనియు కలిసియున్నవి.

ఇక్కడనే ఒక చిత్రమున్నది. అశ్వాపురములో నీటిని కాచు ఆవిరిని, యంత్రములు త్రిప్పు విద్యుత్తును ఇచ్చునది బొగ్గే. పొగ లేని అణుదీపమునకు నూనె పోయునది పొగగ్రక్కు పొయ్యియే యన్నమాట. దీనిని జూపి అణువిద్యుత్తు శుభ్రమైనదను మాట వట్టిదని కొందరందురు. అది తొందరపాటు. భారజలము కట్టెవలె కాలిపోవునది కాదు. ఒకసారి రియాక్టరులో నింపినచో కొద్దికొద్దిగా తరుగు పూడ్చుచు ఏండ్ల తరబడి వాడుదురు. ఆ పొగను రియాక్టరు ఆయుష్షంతటికి పంచి లెక్కవేయవలెను. అట్లు గని మొదలు కూల్చుట వరకు అన్నియు కలిపి వేసినదే పైన చెప్పిన లెక్క. అయినను ఇందొక నీతి కలదు. ఏ విద్యుత్తును ఆకాశమునుండి ఊడిపడదు. ప్రతిదానికిని ఎక్కడనో ఒకచోట ఒక గని, ఒక పొయ్యి, ఒక ఊరు మూల్యము చెల్లించుచుండును.

ఇప్పుడు అణుపక్షమువారి వాదమును విందము. ఒక కిలో సహజ యురేనియము మన భారజల రియాక్టరులో సుమారు 50 వేల యూనిట్ల విద్యుత్తు నిచ్చును. అంత విద్యుత్తునకు బొగ్గు 30 టన్నులకు పైగా కావలెను. రియాక్టరు రేయింబవళ్లు ఎడతెగక నడచును. మబ్బునకు ముసురునకు జంకదు. స్థలము కొంచెము చాలును. వేయి మెగావాట్ల సౌరక్షేత్రమునకు కర్నూలు ప్రాంతమున సుమారు ఆరువేల ఎకరములు పట్టినది. పైగా సంవత్సరము మొత్తముమీద అది ఇచ్చు యూనిట్లు, అంతే సామర్థ్యము గల అణుకేంద్రము ఇచ్చువానిలో ఇంచుమించు మూడవవంతు మాత్రమే. ఇది బలమైన వాదము. అడవులు, పోడు పొలములు తప్ప ఖాళీ నేల యెరుగని చర్లవంటి ప్రదేశమున దీని బలము మఱియు ఎక్కువ.

సౌరపక్షమువారి సమాధానము కూడ తీసివేయదగినది కాదు. 2010లో మన దేశపు సౌరవిద్యుత్తు యూనిట్‌కు పది రూపాయలకు పైబడి పలికినది. 2017లో రాజస్థానములోని భడ్లా వద్ద 2 రూపాయల 44 పైసలకు దిగినది. గాలిలోను వెలుగులోను ప్రేలునది గాని, వేల సంవత్సరములు కాపుకాయవలసిన వ్యర్థము గాని లేదు. 2011 మార్చిలో జపానులోని ఫుకుషిమాలో జరిగినదానిని లోకము మరువలేదు. అక్కడ భూకంపము రాగానే రియాక్టర్లు ఆగినవి. కాని ఆగిన రియాక్టరు కూడ ఎన్నో దినములు వేడిని వెలువరించుచునే యుండును. సముద్రపుటలలు వచ్చి చల్లార్చు పంపులకు విద్యుత్తును లేకుండ చేయగా ఆపద సంభవించినది. ఇంధనము మాట చెప్పవలెనన్న, కడప జిల్లాలోని తుమ్మలపల్లె యురేనియము శుద్ధి కర్మాగారము సమీపమున రైతులు తమ బోరునీరు చెడినదని మొరపెట్టుకొనిరి. నల్లమల అడవిలో యురేనియము వెదకుటకు వ్యతిరేకముగా 2019 సెప్టెంబరులో తెలంగాణ శాసనసభ తీర్మానము చేసినది.

ఇట్లు ఇరుపక్షముల మాటలును వినగా, ఎవరి మాట వారికి నిజమే యనిపించును. తీర్పు చెప్పునది మరియొక కొలమానము. అది కాలము. కాలమును రెండు విధములుగా చూడవలెను: సంవత్సరములలో ఒకటి, గంటలలో ఒకటి.

మొదట సంవత్సరముల మాట. శ్రీకాకుళము జిల్లా కొవ్వాడ తీరమున ఒక్కొక్కటి 1,208 మెగావాట్ల రియాక్టర్లు ఆరింటిని కట్టవలెనని సంకల్పము. 2008లో అమెరికాతో జరిగిన అణు ఒప్పందము తరువాత పుట్టిన ఆలోచన అది. రెండువేలకు పైగా ఎకరముల భూమి దానికై నిర్ణయింపబడినది. మత్స్యకార గ్రామములు ఊళ్లు విడువవలసివచ్చునని తేలినది. రియాక్టర్లు ఇయ్యవలసిన వెస్టింగ్‌హౌస్ సంస్థ 2017లో తన దేశమున దివాలా రక్షణ కోరినది. అదే నమూనాకు చెందిన రెండు రియాక్టర్లు అమెరికాలోని జార్జియాలో 2023, 2024 సంవత్సరములలో పూర్తియగునాటికి ఖర్చు 30 వందల కోట్ల డాలర్లను దాటినది. కొవ్వాడలో ఇంతవరకు ఒక్క రియాక్టరును లేవలేదు. మన దేశపు సొంత నమూనా ఇంతకంటె నయమే. అయినను కాక్రపారలోని 700 మెగావాట్ల మొదటి రియాక్టరునకు 2010లో పునాది కాంక్రీటు పోయగా, 2023లో గాని అది వ్యాపార సరళిని విద్యుత్తు నీయలేదు. కర్నూలు సౌరక్షేత్రమో, రెండుమూడేండ్లలో లేచి 2017 నాటికి వేయి మెగావాట్లు నింపినది. ఏటి నీరు గడపకు వచ్చుచుండగా, పదిమూడేండ్లకు పూర్తియగు గట్టుకొఱకు మాత్రమే కాచుకొని కూర్చుండరాదు. ఈ యేడు వేయగల మట్టికట్టను ఈ యేడే వేయవలెను.

ఇక గంటల మాట. సౌరవిద్యుత్తు ఉదయము పుట్టి, మధ్యాహ్నము పొంగి, సాయంకాలము ఆరు గంటలకు అస్తమించును. మన ఇండ్లలో దీపములు, పంకాలు, వంటింటి యంత్రములు మేల్కొనునది సరిగా ఆ వేళనే. శ్రావణ భాద్రపదములలో చర్లపై మబ్బు విడువదు. ఆ దినములలో అనంతపురము, కర్నూలు మెట్టలపై నైరుతి గాలి బలముగా వీచి గాలిమరలను త్రిప్పును. సూర్యుని లోటును వాయువు కొంత తీర్చును. అయినను కొంతయే. అందుచేత అసలు ప్రశ్న అణువా, సూర్యుడా అనునది కాదు. పగలు మిగిలినదానిని రాత్రికి దాచుట ఎట్లు, దాచినది చాలనప్పుడు ఎవరు నిలుచుట — ఇది అసలు ప్రశ్న.

దాచుటకు మనకు ఒక పాతదారి తెలిసియే యున్నది. పగలు మిగులు విద్యుత్తుతో నీటిని ఎత్తున ఉన్న జలాశయమునకు తోడి, రాత్రి దానిని దిగవిడిచి యంత్రములు త్రిప్పుట. నూరు యూనిట్లు పెట్టి తోడిన సుమారు 75 మొదలు 80 యూనిట్లు తిరిగివచ్చును. శ్రీశైలము ఎడమగట్టు కేంద్రములోని 150 మెగావాట్ల యంత్రములు ఆరును ఇట్లు రెండువైపుల తిరుగగలవే. నాగార్జునసాగరములోను అట్టివి కలవు. కర్నూలు ప్రాంతపు పిన్నాపురము వద్ద సౌర, పవన విద్యుత్తులతో జోడించి 1,680 మెగావాట్ల అట్టి కేంద్రము చేపట్టబడినది. పెద్ద బ్యాటరీల ధరయు ఏటేట తగ్గుచున్నది.

అయితే నీటిని నమ్ముకొనునపుడు గోదావరి, శబరి లోయలవారు ఒక మాట అడుగుటకు హక్కుగలవారు. దిగువ సీలేరు కేంద్రము 460 మెగావాట్లది. పోలవరము వద్ద 960 మెగావాట్లు తలపెట్టినారు. ఆ జలాశయములో మునుగు గ్రామములకొఱకే 2014లో పూర్వపు ఖమ్మము జిల్లానుండి మండలములు ఆంధ్రప్రదేశమునకు బదిలీ అయినవి. లక్షకు పైగా కుటుంబములు నిర్వాసితులగుదురని ప్రభుత్వపు లెక్క. వారిలో కోయ, కొండరెడ్డి జనులు అధికులు. నీరు పొగ గ్రక్కదు. అయినను ఊరిని ముంచును. పొగ లేనిదంతయు పాపము లేనిది కాదని ఈ లోయకంటె బాగుగా ఎరిగినది ఏది?

కావున మన ముందున్న పని ఒక పక్షమును గెలిపించుట కాదు, పనులు పంచుట. పొలములకు నీరు తోడుట పగటిపని. దానిని సూర్యునకు అప్పగింపవచ్చును. అటవీహక్కుల పట్టాలు పొందిన గిరిజన రైతుల భూములకు సౌరపంపులు సమకూర్చుటకై 2025 మేలో తెలంగాణ ప్రభుత్వము ఇందిర సౌర గిరి జల వికాసమను పథకమును ప్రారంభించినది. స్తంభములును తీగలును చేరుట కష్టమైన అడవి పల్లెలకు ఇది తగిన మార్గము. ఇంటి కప్పు, జలాశయపు నీటిమట్టము, త్రవ్వి విడిచిన గనినేల — వీనిపై పలకలు పరచిన సాగుభూమి పోదు. రామగుండము జలాశయముపై 2022లో పూర్తియైన వంద మెగావాట్ల తేలియాడు సౌరకేంద్రము దానికి నిదర్శనము. రాత్రికి నిలువ పద్ధతులు ముందు నిలువవలెను. ముసురు వారములకు, నిద్రించని పరిశ్రమలకు అణువిద్యుత్తు తోడ్పడవలెను; ఇప్పుడున్న కేంద్రముల ఆవరణలలో, పరీక్షకు నిలిచిన నమూనాతో అది పెరిగిన క్రొత్త ఊళ్లను లేపవలసిన పని తగ్గును. 2047 నాటికి లక్ష మెగావాట్ల అణువిద్యుత్తు కావలెనని 2025 బడ్జెటులో కేంద్రప్రభుత్వము ప్రకటించినది. నేడు దేశమున దాని వాటా నూటికి మూడింటి ప్రాంతముననే ఉన్నది. ఆ ఇరువదియేండ్ల నడుమ బొగ్గును తగ్గించుభారము ముఖ్యముగా సూర్యునిమీదను గాలిమీదను నిలువక తప్పదు.

ఈ పంపకములో ఇద్దరిని మరువరాదు. ఒకరు బొగ్గుగని కార్మికులు. గని మూతబడునాడు వారి బిడ్డలకు పని ఎక్కడ దొరకునో ముందే నిర్ణయింపనిచో, భూతాపమును గూర్చిన మంచిమాట వారికి శాపముగా తోచును. సింగరేణి సంస్థ సౌరవిద్యుత్తునకు చేయి చాచుట ఆ దారిలో మొదటి అడుగు మాత్రమే. రెండవవారు అడవి గ్రామములవారు. చర్ల రాజ్యాంగము ఐదవ షెడ్యూలు క్రిందనున్న ప్రాంతము. 1996 నాటి చట్టము ప్రకారము ఇట్టి చోట భూసేకరణకు ముందు గ్రామసభను గాని, తగిన పంచాయతీని గాని సంప్రదింపవలెను. ఆనకట్టయైనను, గనియైనను, సౌరక్షేత్రమైనను, వచ్చినవారు ఆ సభలో కూర్చుండి లాభనష్టములు చెప్పి, వారి మాట వినిన పిమ్మటనే మేకు నాటవలెను.

తిరుగ వాన కాలము వచ్చును. రేడియోలో భద్రాచలము నీటిమట్టము చదువగా అందరును చెవియొగ్గి విందురు. ఆ అంకెకును, ఆ రేడియోను పలికించుచున్న విద్యుత్తునకును సంబంధము కలదని గుర్తుంచుకొనుట మొదటి మెట్టు. సూర్యుడు మన పక్షమా, అణువు మన పక్షమా యని వాదించుకొనుచు మరి పదేండ్లు గడపినచో లాభపడునది ఆ రెండును కావు. ఏటికి ఆవలనున్న బొగ్గుపొయ్యియే. ఎవరైన వచ్చి ఇది మంచి విద్యుత్తు అని చెప్పినపుడు మూడు ప్రశ్నలు అడుగుడు: ఇది ఎన్నాళ్లకు వచ్చును? ఏ గంటలో వెలుగును? దీని మూల్యమును ఏ ఊరు చెల్లించును? ఈ మూడింటికి సూటిగా సమాధానము చెప్పగలవారిని నమ్మవచ్చును.